మేనమామ సంతకం

తిరుత్తణి,
3-9-2024, మంగళవారం.

దేవసేనక్కకు చెల్లెలు వల్లియమ్మ రాసుకునేది.

బావకు ఎలా ఉంది? పడిపోయిన ఎడమ చెయ్యి కొంచెమైనా లేస్తోందా? నూనె రుద్దే ఆవిడ రోజూ వస్తోందా, వానొచ్చిందని ఎగ్గొడుతోందా? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ కోడలికి రక్తం తక్కువన్నారే, మాత్రలు మింగుతోందా, కిటికీలోంచి పారేస్తోందా? మనవడు ముకేశ్‌కు దగ్గు తగ్గిందా? నా కూతురు కోమల మీ తిరువళ్ళూరులో మీ వీధిలోనే ఉంది కాబట్టి దాని ఆరోగ్యం కూడా నిన్నే అడుగుతున్నాను. ఫోన్‌లో అడిగితే బాగున్నానమ్మా అంటుంది. ఏ రోజు అడిగినా అదే గొంతు, అదే మాట. అల్లుడు రఘునాథ్‌కు షుగర్ దిగిందా? కోపం దిగిందా అని అడగను, అది ఏ మాత్రకూ దిగేది కాదు.

ఇక్కడ నాకు కడుపులో మంట, మామూలే. నా కొడుకు సుందరానికి కొండకింద కొట్లో పొద్దుటినుంచి నిలబడి కాళ్ళు వాస్తున్నాయి. ఆడికృత్తిక పండక్కి వచ్చిన జనం పోయినా గుండ్లకు గంధం అమ్మకం మాత్రం ఆగలేదు. వాడికి ఆరణి సంబంధం దాదాపు కుదిరినట్టే, తాంబూలాలకు రోజు చూస్తున్నారు. ముప్పై నాలుగేళ్ళకు వాడి పెళ్ళి చూస్తానని ఆశపడ్డాను. ఆశపడితే చాలు, ఏదో ఒకటి అడ్డు వస్తుంది నాకు.

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. నాకు చెవులు సరిగా వినబడవని నేను అరుస్తాను. మీ ఇంట్లో ఫోన్ స్పీకర్‌లో పెడతారు. ఉత్తరమైతే ఆ భయం లేదు. మన తర్వాత మన ఇళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరున్నారు? కోమలకే రాదు, పిల్లలకు ఇంకేమొస్తుంది, అందరికీ అరవమే.

అక్కా, నందిత కడుపుతో ఉంది.

రాసేశాను. కొట్టివేద్దామనుకున్నాను. కొట్టివేస్తే ఉన్నది లేకుండా పోతుందా?

కోమల కూతుర్ని నా దగ్గర పెట్టి రెండేళ్ళయింది. తిరువళ్ళూరు బస్టాండులో ఎవరో పిల్లవాడితో మాట్లాడిందని వాళ్ళ నాయన ఫోన్ పగలగొట్టి, అవ్వ దగ్గర ఉండి చదువుకో, ఇంకొక్క మాట వినబడితే చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తానని ఇక్కడ దింపిపోయాడు. నేను కళ్ళలో పెట్టుకొని చూశాననుకున్నాను. ట్యూషన్‌కు పంపాను. అక్కడి పిల్లవాడు, దాని వయసు వాడేనట. ఇప్పుడు వాడు కనబడితే తల తిప్పుకుంటాడట. పేరు చెప్పదు. రెండు నెలలుగా ముట్టు లేదని నా పక్కన పడుకొని చెప్పింది. చెప్పి, నాయనకు తెలిస్తే నేను ఉండను అవ్వా అంది. ఆ మాట విన్నప్పటినుంచి బావి మీద పలక వేయించాను, మేడమెట్ల తలుపుకు తాళం పెట్టాను, దాని వెనకే తిరుగుతున్నాను.

చిన్న క్లినిక్‌లో ఒక లేడీ డాక్టరుకు చూపించాను. ఇంకా టైముంది, భయం లేదంది. పెద్ద ఆసుపత్రికి పోవాలి, పద్దెనిమిది నిండలేదు కాబట్టి పెద్దవాళ్ళు వచ్చి సంతకం పెట్టాలి అంది. దీనికి పదిహేడు నడుస్తోంది. పెద్దవాళ్ళు అంటే ఎవరు? నాయనకు చెప్పలేం. కోమలకు చెబితే ఆయనకు చెప్పినట్టే. అందుకని సోమవారం మేనమామను తోడిచ్చి పంపుతున్నాను. దీనికి పుట్టువెంట్రుకలు తీసింది సుందరం ఒళ్ళో, చెవులు కుట్టింది వాడి ఒళ్ళో. పెద్దమనిషైనప్పుడు పచ్చాకుల గుడిసె కట్టింది వాడు. అన్నిటికీ ముందు నిలబెట్టినవాడి సంతకం దీనికి మాత్రం చెల్లదా? మన ఇళ్ళలో తండ్రికన్నా మేనమామ మాటే కదా ముందు.

సరే అను అక్కా. కోమలకు చెప్పనని కొండమీది స్వామి మీద ఒట్టు పెట్టుకో. పాలు పొంగుతున్నట్టుంది, పోతున్నాను.

నిద్ర లేని నీ చెల్లెలు,
వల్లి

—

తిరువళ్ళూరు,
7-9-2024, వినాయక చవితి.

వల్లికి అక్క దీవెనలు.

మీ బావ చెయ్యి లేవలేదు. కాఫీ ఆలస్యమైతే మాత్రం గొంతు బాగా లేస్తుంది. మిగతావాళ్ళంతా ఉన్నట్టే ఉన్నారు. నీ ఉత్తరం నిన్న చేరింది. చదివి బియ్యం డబ్బాలో దాచాను, మళ్ళీ తీసి చదివాను.

వెంటనే ఫోన్ చేశాను. నందితే తీసింది. "ఏం పెద్దవ్వా" అనింది. ఉండ్రాళ్ళు ఎన్ని రకాలు చేస్తున్నారు అని అడిగి పెట్టేశాను. డెబ్బై రెండేళ్ళ దాన్ని, నా తెలివి అంతే.

అందుకని రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చదువు. డాక్టరు సంతకం అడగడం తప్పని నేననను. ముక్కు కుట్టించాలన్నా తల్లినడిగే ఇళ్ళు మనవి. ఆ పిల్లకు ఏం తెలుసు? రేపు జ్వరమొచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంటే ఎవరు జవాబు చెప్పాలి? అదొకటి. ఇంకొకటి, ఇలాంటి పిల్లను ఎవడైనా చెరిచి, వాడే చెయ్యి పట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయి, పని ముగించుకొని వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఒక పెద్ద తల ఉండాలన్నారు. కన్నతల్లికన్నా పెద్ద తల ఏముంది? కోమలకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. ఒట్టు నువ్వు పెట్టమన్నావు గానీ నేను పెట్టలేదు.

సుందరాన్ని మాత్రం పంపకు. మన కళ్ళకు వాడు మేనమామ. ఊరి కళ్ళకు పెళ్ళికాని మగవాడు.

ఇవాళ పండగ, రేపు ఆదివారం. ఈ ఉత్తరం సోమవారం గాని కదలదు. అదే నా భయం.

అక్క,
దేవసేన

—

తిరుత్తణి,
10-9-2024.

అక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను. ఆగి ఉంటే బాగుండేది.

నిన్న సుందరం, నందిత పొద్దున బండిమీద పోయారు. వాడు తెల్లచొక్కా తొడుక్కున్నాడు, సంతకం పెట్టేపని కదా అని. నేను గుమ్మంలో నిలబడి ఎదురు ఎవరొస్తారో చూశాను. ఎవరూ రాలేదు, ఒక కోతి మాత్రం గోడ దిగింది. అది మంచిదా కాదా నాకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో నర్సమ్మ వీడిని, నువ్వు ఈ పిల్లకు ఏమవుతావు అని అడిగిందట. మేనమామను అన్నాడు. ఆమె పైకీ కిందికీ చూసి, మురైమామనా అని అరవంలో అడిగిందట. వీడు సంతోషంగా తల ఊపాడట. పైగా వీడన్న మాట చూడు:

"అవును మేడమ్, ఈ పిల్లమీద మొదటి హక్కు నాదే."

మన ఇంట్లో ఆ మాట గొప్ప. ఆమె చెవికి ఎలా వినబడిందో నీకు చెప్పక్కర్లేదు. అక్కకూతుర్ని చేసుకునే హక్కున్నవాడు, పెళ్ళి కాలేదు, కడుపుతో ఉన్న మైనర్ పిల్లను తీసుకొచ్చి సంతకం పెడతానంటున్నాడు. నందితను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారట. వీడి పక్కన వాచ్‌మన్‌ను నిలబెట్టారట. పిల్లల బాగోగులు చూసే ఒకామె వచ్చి లోపల దాన్ని ఒంటరిగా చాలాసేపు అడిగిందట. మామ కాదు, మామ కాదు అని ఇది ఏడ్చి చెప్పిందట. మళ్ళీ మళ్ళీ అదే అడిగి, చివరికి నమ్మి పంపింది. బయటికొచ్చి సుందరంతో, తప్పుగా అనుకోకు తంబీ, మామను అని చెప్పుకుంటూ వచ్చేవాళ్ళను మేము చాలామందిని చూశాం అందట. తల్లిదండ్రులు గానీ, పిల్లను చూసుకునే పెద్దవాళ్ళు గానీ రావాలని చెప్పి పంపేసింది.

ఆమెను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆమె అడగకపోతే ఇంకెక్కడో ఇంకో పిల్ల గతి ఏమయ్యేది? కానీ నా కొడుకు రాత్రి అన్నం తినలేదు. కొట్టు తెరవలేదు. నందిత వాడి ముందు నిలబడి మామా అని పిలిస్తే, వాడు దాని మొహం చూడకుండా, పోయి చదువుకో అన్నాడు. చిన్నప్పుడంతా ఎత్తుకొని తిరిగినవాడు అక్కా. ఇప్పుడు దాని పక్కన కూర్చోడానికి భయపడుతున్నాడు.

పైగా అక్కడ బెంచీమీద ఆరణి జయరామ కూర్చొని ఉన్నాడట. ఈ పెళ్ళి సంబంధం తెచ్చినవాడే. భార్యకు చూపించడానికి వచ్చాడట. వీళ్ళను చూశాడు, పలకరించలేదు.

ఏం చేయాలో రాయి.

వల్లి

—

తిరుత్తణి,
12-9-2024.

అక్కా,

నిన్న నీ ఉత్తరం చేరింది. సాయంకాలమే కోమల ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది. "అమ్మా, నందితను నువ్వు ఎందుకు పెట్టుకున్నావో నిజం చెప్పు" అని అడిగింది. చదువుకోడానికి అని చెప్పాను. ఇంకేమీ అడగకుండా పెట్టేసింది.

నువ్వు చెబుతానని రాశావు, చెప్పేశావు. ఒక్క వారం నా కోసం నోరు కట్టుకోలేకపోయావు. కోమలకు తెలిస్తే ఆయనకు తెలిసినట్టే అని నేను రాయలేదా? నందిత మళ్ళీ మెట్ల తలుపు తాళంచెవి ఎక్కడుంది అని అడిగింది. బట్టలు ఆరవేయడానికట. నేను ఇవ్వలేదు. బట్టలు వంటింట్లో ఆరుతున్నాయి.

ఆరణివాళ్ళు సంబంధం వద్దన్నారు. కారణం చెప్పలేదు.

ఇంక నీకు ఏం రాయను.

—

తిరువళ్ళూరు,
14-9-2024, శనివారం.

వల్లీ,

నీ పేరు కూడా రాయకుండా ఉత్తరం ముగించావు. బాగుంది. నేను నోరు విప్పలేదు. నా మొగుడి ఆ పడిపోయిన చెయ్యి మీద ఒట్టు, కోమలకు ఒక్క అక్షరం చెప్పలేదు. చెప్పాలని వాళ్ళ గుమ్మందాకా పోయి, చింతపండు అడిగి తెచ్చుకున్నాను.

జరిగింది ఇది. జయరామ మీ అల్లుడి పాత్రల కొట్టుకు వచ్చాడట. మీ బామ్మర్ది, మీ పాప ఆసుపత్రిలో కనబడ్డారు, ఏం విశేషం అని అడిగాడట. అంతే. కడుపు సంగతి రఘునాథ్ బుర్రకు తట్టలేదు. వేరేది తట్టింది. సాయంకాలం మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. వయసు సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రికి పోయి ఉంటారు, పద్దెనిమిది ఎప్పుడు నిండుతుందా అని కాచుకొని ఉన్నారు అన్నాడు. నేను, అదేంటి నాయనా అంటే, నా మొహం మీదే అన్నాడు:

"మీ చెల్లెలు నా కూతుర్ని చదివించేదానికి పెట్టుకోలేదత్తా. కొడుకుకు పెట్టుకునింది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాదని చెప్పాలంటే ఉన్నది చెప్పాలి. ఉన్నది చెప్పకుండా కాదంటే నమ్మేవాడు కాదు. ఊరుకున్నాను. నేను ఊరుకున్నది అవునన్నట్టు అయిపోయింది. క్వార్టర్లీ పరీక్షలు ముగియగానే వచ్చి టీసీ తీసుకొని పిల్లను తెచ్చేస్తాను, ఇంట్లోనే ఉంచుతాను అని లేచిపోయాడు. కోమల నిన్ను అడిగింది కూడా ఈ సంగతే. నువ్వేమో వేరే అనుకొని నామీద పడ్డావు.

ఇప్పుడు చూడు. పిల్ల కడుపు ఆగదు, పరీక్షలు ఆగవు. వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయాక ఆ ఇంట్లో బయటపడితే ఏమవుతుంది? ఏం చేస్తావో తొందరగా చెయ్యి. తల్లికి చెప్పాలన్నది నా మాట, అది నేను మార్చుకోను. కానీ నువ్వు చెప్పమనేదాకా నేను చెప్పను.

అక్క

—

తిరుత్తణి,
18-9-2024.

నా దేవసేనక్కకు వల్లి తప్పు ఒప్పుకొని రాసేది.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. అంతలోపల ఇక్కడ అయిపోయింది. నందిత బాగుంది. ముందు ఆ మాట రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు కూడా నాలాగే చివరిదాకా ఆగలేవు.

నీమీద కోపంతో ఉన్న రోజు రాత్రంతా దాన్ని బతిమాలాను, మీ అమ్మకు ఒక్కదానికి చెబుదాం, నాయనకు చెప్పొద్దని చెబుదాం అని. అది లేచి కూర్చొని, ఏడవకుండా నన్ను అడిగింది:

"అవ్వా, నేను బిడ్డను కంటానంటే ఎవరి సంతకమూ అడగరు. వద్దంటేనే అడుగుతారు. అదెట్లా?"

దానికి జవాబు నీకు తెలిస్తే రాయి. పదహారేళ్ళ పిల్లకు తల్లి కావడానికి వయసు చాలుతుంది, కాకుండా ఉండటానికి చాలదు. నువ్వు రాసిన మాట కూడా నిజమే, చెరిచినవాడే చెయ్యి పట్టుకొని తెచ్చే లోకం ఇది. రెండూ నిజమైతే ఇలాంటి పిల్ల ఎక్కడికి పోవాలి? దీనికి నేనున్నాను. అవ్వ కూడా లేని పిల్ల బావి దగ్గరికి పోతుంది. లేకపోతే మందుల షాపులో ఏదో మాత్ర కొని మింగుతుంది.

సోమవారం నేనే తీసుకుపోయాను. సుందరం ఆటో పిలిచి, తాను ఎక్కకుండా కొట్టుకు పోయాడు. ఆ పిల్లల బాగోగులు చూసే ఆమెకు, వీళ్ళ నాయన రాడు, మేనమామను మీరు ఒప్పుకోలేదు, ఇంట్లో ఇంక మగవాళ్ళు లేరు, మేము ఏం చేయాలి అని చేతులు జోడించాను. ఆమె నన్ను విచిత్రంగా చూసింది. ఈ పిల్ల ఎవరి దగ్గర ఉంటోంది, ఎవరు అన్నం పెట్టి చూసుకుంటున్నారు అని అడిగింది. నేనేనమ్మా, రెండేళ్ళుగా అన్నాను. అయితే మీరే కదమ్మా పెద్దవాళ్ళు, మీరు పెట్టండి అంది.

అక్కా, ఇన్ని రోజులు ఆ మాట నా బుర్రకు తట్టలేదు. పెద్దవాళ్ళు రావాలి అని క్లినిక్‌లో చెప్పారు. మొన్న సుందరంతోనూ చెప్పి పంపారు. రెండుసార్లు విని కూడా నన్ను అన్నారని అనుకోలేదు. ఇంటి పట్టా దగ్గరనుంచి గ్యాసుబండ దాకా మీ మరిది ఉన్నన్నాళ్ళు ఆయన సంతకం పెట్టాడు, తర్వాత సుందరం పెడుతున్నాడు. నా పేరు ఉన్నచోట కూడా వాడే పెట్టేస్తాడు. ఒక మగవాడు రావాలనే అనుకొని కొడుకును పంపి, వాడికి అంత మచ్చ తెచ్చాను.

డాక్టరమ్మ వయసులో ఉన్న మనిషి. నన్ను చూడకుండా నందితను చూసి, నీకు ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడిగింది. నన్ను బయటికి పంపి మళ్ళీ అడిగిందట. ఇష్టమే అని చెప్పిందట. ఈ గొడవ మొదలయ్యాక దాన్ని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నేను కూడా అడగలేదు. నేనేమో దాని వెనకే తాళంచెవి పట్టుకొని తిరిగాను. పోలీసులకు చెప్పడం చట్టం ప్రకారం తప్పదు, కానీ మీరు అడిగితే పిల్ల పేరు రాయకుండా చెబుతాను అంది. అడిగాను. తెలుగులో వల్లియమ్మ అని పెట్టాను.

రెండు పూటలా అన్నం తింటోంది. కొంచెం నీరసం. బెల్లం, వేరుశనగ పెడుతున్నాను. జ్వరం ఉందా అని నేను నుదురు తాకి తాకి చూస్తుంటే, అవ్వా నీ చెయ్యే వేడిగా ఉంది పో అంటోంది.

ఇవాళ నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. కొడుకుకు పెట్టుకుంది అని వాళ్ళ నాయన అన్న మాటదాకా వచ్చి ఆపేశాను. చదువవ్వా అంది. చదివాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకొని మడిచిపెట్టింది. తర్వాత అంది:

"మామ మీదకు నింద రానియ్యొద్దు. అమ్మకు చెప్పమను. నేనే చెప్పమన్నానని చెప్పమను."

నాయనకో అన్నాను. అది అమ్మ ఇష్టం కాదు, నా ఇష్టం, ఇప్పుడు వద్దు అంది.

కాబట్టి ఇప్పుడు చెప్పు అక్కా. నేను చెబితే ఏడుస్తాను, ఫోన్‌లో ఏడుపు తప్ప ఏమీ వినబడదు. నువ్వు చెబితే వరసగా చెబుతావు. నా కూతురు నన్ను తిడితే తిట్టనీ. పిల్లను మాత్రం తిట్టొద్దని చెప్పు.

వల్లియమ్మ

—

తిరువళ్ళూరు,
23-9-2024, సోమవారం.

వల్లికి అక్క ఆశీర్వాదం. పిల్లకు నా ముద్దులు. వేరుశనగ ఎక్కువ పెట్టకు, పైత్యం.

శుక్రవారం కోమలను పిలిచాను. మీ బావ నిద్రపోతున్నారు. వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను. వరసగా చెబుతానని నువ్వు రాశావు గానీ, నేనూ మధ్యలోనుంచే మొదలుపెట్టాను. ముందు, పిల్ల బాగుంది అన్నాను. ఆ మాటకే దాని మొహం మారిపోయింది. తర్వాత మొత్తం చెప్పాను.

ఏడవలేదు. నా చేతిలోని చిక్కుడుకాయలు తీసుకొని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యాక అంది:

"నాకు చెప్పింటే నేనేం చేసిండేదాన్ని పెద్దమ్మా? ఆయన్ని అడిగిండేదాన్ని. బడి కాగితం మీద సంతకం పెట్టాలన్నా ఆయన్ని అడిగే పెడతాను. అమ్మ నాకు చెప్పకుండా ఉండిందే మేలు."

నేను నీకు ఎన్ని రాశాను, తల్లికి చెప్పు, తల్లికన్నా పెద్ద తల ఏముంది అని. ఆ తల్లే ఇలా అంది. లేచి పొయ్యి దగ్గరికి పోయాను. వెనకనుంచి మళ్ళీ అంది:

"కానీ నా బిడ్డ నాకు చెప్పుకోలేక పోయింది గదా. ఆ మాట నేను యాడ పెట్టుకునేది?"

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చిక్కుడుకాయ కూర ఆ రోజు ఎవరి నోటికీ బాగాలేదు.

ఇంక నిన్న జరిగింది రాస్తాను. ఆదివారం మధ్యాహ్నం రఘునాథ్ వచ్చాడు, మీ బావను చూసే నెపంతో. మంచం పక్కన కూర్చొని మళ్ళీ అదే పాట. శుక్రవారం పరీక్షలు ముగుస్తాయి, శనివారం టీసీ తెస్తాను, ఆ సుందరం గాడితో నాకు ఇంక బంధుత్వం లేదు, నేను బామ్మర్ది అనుకున్నాను, వాడు అల్లుడు కావాలని చూశాడు అన్నాడు. మీ బావ మాట సరిగా రాకపోయినా, ఊరుకోరా అన్నారు. అప్పుడు కోమల లోపలినుంచి వచ్చింది. వాళ్ళకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, మొగుడు మాట్లాడుతుంటే అది మధ్యలో మాట్లాడటం నేను చూడలేదు.

"ఆస్పత్రికి తీసుకపొమ్మని చెప్పింది నేను. నేను చెప్పినాననే సుందరం పోయినాడు. ఇంక వాని పేరెత్తొద్దు."

ఏం జబ్బు అని అడిగాడు. ఆడపిల్లకొచ్చే జబ్బు, నయమైపోయింది అంది. నన్నడగకుండానా అన్నాడు.

"మిమ్మల్ని అడక్కుండానే."

టీసీ తేవాలంటే నా సంతకం కూడా కావాలేమో, నేను పెట్టను అని కూడా అంది. అది నిజమో కాదో నాకు తెలియదు, దానికీ తెలియదనుకుంటాను. ఆయన చెప్పులు వేసుకొని పోయాడు. రాత్రి ఇంట్లో అన్నం తిన్నాడట, మాట్లాడలేదట. ఇవాళ కూడా మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటాడో అని కోమలకు భయం. అయినా పొద్దున కొట్టుకు పోయేటప్పుడు టీసీ మాట ఎత్తలేదట.

అబద్ధం చెప్పింది కదా అని నేను దాన్ని అడిగాను. అబద్ధం కాదు పెద్దమ్మా, ఆ రోజు అమ్మ నన్ను అడిగి ఉంటే తీసుకపొమ్మని చెప్పేంత ధైర్యం నాకు లేదు, ఆ మాట ఇప్పుడు చెప్పాను అంది. నాకు పూర్తిగా అర్థం కాలేదు. నువ్వు ఆలోచించు.

అది నీ దగ్గరికి రావాలంటోంది. ఒంటరిగా వస్తుందట. ఏ రోజు రమ్మంటావో నందితనే అడిగి చెప్పమంది. పిల్ల వద్దంటే రానంది.

అక్క,
దేవసేన

—

తిరుత్తణి,
28-9-2024, శనివారం.

అక్కకు వల్లి రాసుకునేది.

పొద్దుటినుంచి వీధి చివర ఏ స్కూటరు ఆగినా అల్లుడేమో, టీసీకి వచ్చాడేమో అని చూస్తున్నాను. మధ్యాహ్నం దాటింది, రాలేదు. వస్తే నేను ఏం చెప్పాలో నాకు నేనే చెప్పుకుంటున్నాను. సుందరం విని, ఎవరితో మాట్లాడుతా ఉండావమ్మా అన్నాడు. నీ ఉత్తరం మొన్న రాగానే నువ్వు రాసింది వాడికి చదివి వినిపించాను. అక్క అట్లనిందా అని రెండుసార్లు అడిగి, చొక్కా వేసుకొని కొట్టుకు పోయాడు. ఆ రాత్రి నందితకు మసాలా బొరుగుల పొట్లం తెచ్చి, దాని చేతికి ఇవ్వకుండా గట్టుమీద పెట్టాడు. అది తీసుకొని వాడి పక్కనే కూర్చొని తినింది. వాడు లేచిపోలేదు.

ఆరణివాళ్ళు మళ్ళీ కబురు చేయలేదు. చేయరు. ఆ మాట వాడు ఎత్తడు, నాకు మాత్రం అన్నం ముద్ద ముద్దకూ గుర్తొస్తుంది.

నందిత పరీక్షలు రాసింది. లెక్కలు పోతాయట. పోనీ. దాన్ని అడిగాను, అమ్మ వస్తానంటోంది, ఏ రోజు రమ్మనను అని. వచ్చే శనివారం రమ్మంది, పురటాసి నెల మొక్కుకు ఆ రోజు నాయన తిరుపతికి పోతాడు, అమ్మ ఎవరినీ అడగక్కర్లేదు అంది. కొంచెంసేపు పోయాక వచ్చి, అడక్కుండా వస్తుందా అని నన్ను అడిగింది. వస్తుంది అన్నాను. నిజమేనా అంది. నాకేం తెలుసు? వస్తుంది అనే చెప్పాను. వచ్చాక నువ్వు గదిలోకి రావొద్దు, నేనే చెబుతాను, మొదటినుంచి నేనే చెబుతాను అంది. సరే అన్నాను. తలుపు దగ్గర కూడా నిలబడొద్దు అంది. దానికీ సరే అన్నాను, ఎలా ఆగుతానో తెలియదు.

అమ్మను తీసుకురావడానికి రైల్వే స్టేషన్‌కు కూడా నందితే పోతుంది. నన్ను రావొద్దంది. కోమలకు చెప్పు, ఏమీ తేవొద్దని, పిల్లకోసం బట్టలు, తిండి ఏమీ వద్దని, చేతులు ఊపుకుంటూ రమ్మని. ఈ ఉత్తరం అందగానే దానికి చదివి వినిపించు. అక్టోబరు అయిదో తేదీ, శనివారం, పొద్దున రైలుకు.

వల్లియమ్మ